ఏసీ చల్లబడనప్పుడల్లా మా నాన్నని అంటున్నారు!

మాది విజయవాడ, పై అంతస్తు. అత్తయ్య, మామయ్య, మావారు, నేను, ఆరేళ్ల పాప ఉంటాం. పాప పుట్టినప్పుడు మా నాన్నగారు టన్ను ఏసీ కొనిచ్చారు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. కిందటి రెండు వేసవుల్లోనూ ఏసీ సరిగ్గా పనిచేయక గ్యాస్ నింపించాం. ఈ మే నెలలో మళ్లీ అదే తంతు. గాలి కూడా నీరసంగా వస్తోంది, అర్ధరాత్రి దాటాకే కాస్త నయం. గోడ వెంట నీళ్లు కారుతున్నాయి. వేసవిలో ఐదుగురం ఆ గదిలోనే పడుకుంటాం. మామయ్యకి 74 ఏళ్లు, బీపీ ఉంది. బయటి యూనిట్‌కి ఎండ తగలకూడదని డాబా మీద దాని చుట్టూ ఆయనే రేకులు కట్టించారు. నేను 18లో పెట్టడం వల్లే పాడైందని అత్తయ్య అంటారు. 'మీ నాన్న చవకరకం అంటగట్టాడు' అని మావారి మాట. మెకానిక్‌ని పిలుద్దామంటే 'డబ్బు దండగ' అంటారు. మా మధ్య మాటలు లేక నాలుగు రోజులైంది. ఏం చేయాలి?

– ఒక సోదరి

అమ్మా, ఈ రాత్రికి ముందుగా మామయ్యగారి పడక సంగతి చూడండి. డాబా పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. బీపీ మందులు వాడే పెద్దాయనకి అది మంచిది కాదు. ఏసీ దారికొచ్చేదాకా ఆయన మంచం గాలి ఆడే చోట వేయండి. ఫ్యాన్ పెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండండి, తరచూ మంచినీళ్లు ఇవ్వండి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక ఏసీ. మీరు రాసిన దాంట్లోనే చాలావరకు ఆచూకీ ఉంది.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయిపోదు. మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లీకు లేకపోతే ఏళ్ల తరబడి నింపాల్సిన పనే రాదు. వరుసగా రెండేళ్లు నింపారంటే, లీకు వెతక్కుండా నింపి ఉండాలి, లేదా అసలు గ్యాస్ తగ్గకుండానే నింపారని చెప్పి ఉండాలి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే గ్యాస్ కంటే ముందు చూడాల్సినవి వేరే కనిపిస్తున్నాయి.

గాలి నీరసంగా రావడం, గోడ వెంట నీళ్లు కారడం రెండూ కలిసి వచ్చాయంటే మొదటి అనుమానం ఫిల్టర్ మీదే. ఎంసీబీ (కరెంటు బోర్డులో ఏసీకి ఉండే స్విచ్) ఆపేసి, లోపలి యూనిట్ ముందు మూత పైకెత్తితే జాలీలు కనిపిస్తాయి. వాటిని కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరాక పెట్టండి. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేయాలి. జాలీ వెనక మంచు గడ్డకట్టి ఉంటే గీకకండి. కరిగేదాకా రెండు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో వదిలేయండి. నీళ్లు పోయే పైపు బయట మడతపడిందేమో, చివర పాచి పట్టిందేమో కూడా చూడండి. రిమోట్‌లో మంచుపువ్వు గుర్తు, అంటే కూల్ మోడ్ ఉందో లేదో చూసుకోండి. చిన్న పిల్లలున్న ఇళ్లలో అది తరచూ మారిపోతుంటుంది.

18లో పెట్టినంత మాత్రాన ఏసీ పాడవదు. అత్తయ్యగారి మాటకి మీరు నొచ్చుకోవాల్సిన పని లేదు. అయితే 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నదీ నిజం కాదు. బిల్లు మాత్రం పెరుగుతుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ గుర్తు ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించేలా నిబంధన పెట్టింది అందుకే. 24, 25లో పెట్టి, ఫ్యాన్ మెల్లగా తిప్పండి.

ఇప్పుడు డాబా మీదికి వెళ్దాం. గదిలోని వేడిని బయట పారబోయడమే బయటి యూనిట్ పని. చుట్టూ రేకులుంటే తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఏసీల సామర్థ్యం కొలిచేటప్పుడు బయట 35 డిగ్రీలు ఉండేలా చూస్తారు. మీ ఊళ్లో మే ఎండ 40 దాటుతుంది, ఆ వేడికే సామర్థ్యం తగ్గిపోతుంది. ఇక రేకుల మధ్య ఎంత ఉంటుందో ఆలోచించండి. అర్ధరాత్రి దాటాక నయంగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చు. పైన ఎత్తుగా నీడ ఉంటే మంచిదే. పక్కలూ ముందూ మాత్రం ఖాళీగా ఉండాలి.

ఇక్కడ నా మాట జాగ్రత్తగా వినండి. ఇది చదవగానే 'చూశారా, మీ నాన్నగారు కట్టించిన రేకులే కారణం' అని మీవారితో అనాలనిపిస్తుంది. దయచేసి అనకండి. ఇన్నాళ్లూ మీరు పడ్డ బాధే ఆయనకూ తగులుతుంది. మామయ్యగారు ఆ ఏసీ బాగుండాలనే కట్టించారు. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు, 'మామయ్యా, దానికి గాలి ఆడాలట, పై రేకు ఉంచి పక్కవి తీయిద్దామా?' అని ఆయన్నే అడగండి. ఆయన చేత్తోనే ఆ పని జరిగితే ఎవరికీ చిన్నతనం ఉండదు.

మరొకటి కూడా మీవారికి తెలియాలి. ఊరికే పడుకున్న మనిషి ఒంటి నుంచి కూడా సుమారు 70, 80 వాట్ల వేడి వస్తుంది. టన్ను ఏసీ తీసేయగలిగింది మొత్తం మూడున్నర వేల వాట్లు. ఐదుగురు పడుకుంటే అందులో దాదాపు పదో వంతు మనుషుల వేడికే పోతుంది. ఆ పైన కాగిన డాబా, మాటిమాటికీ తెరిచే తలుపు. మీ నాన్నగారు కొన్న రోజున ఆ గదిలో మీరిద్దరూ, పసిబిడ్డా. ఆ రోజుకి ఆయన సరైనదే కొన్నారు.

ఇవన్నీ చేశాక తలుపులు మూసి పావుగంట నడపండి. గది ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు తెచ్చి (జ్వరం చూసేది ఇంత చల్లదనాన్ని కొలవలేదు) ముందు గదిలో, తర్వాత గాలి వచ్చే చోట పెట్టి చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటే యంత్రం బాగానే ఉన్నట్టు. అంత లేకపోయినా, శుభ్రం చేశాక మళ్లీ మంచు కట్టినా మెకానిక్‌ని పిలవాల్సిందే. అది దండగ ఖర్చు కాదు. కాలిన వాసన వచ్చినా, ఎంసీబీ మాటిమాటికీ పడిపోతున్నా ఆపేసి వెంటనే పిలవండి. బయటి యూనిట్ స్క్రూలు మాత్రం మీవారిని విప్పనివ్వకండి. లోపలి కెపాసిటర్‌లో కరెంటు తీసేశాక కూడా ప్రాణం మీదికి తెచ్చేంత చార్జి మిగిలి ఉంటుంది.

మెకానిక్ మళ్లీ గ్యాస్ అంటే 'లీకు ఎక్కడుందో చూపించండి' అని అడగండి. లీకు మూసి, వాక్యూమ్ చేసి (అంటే గొట్టాల్లోని గాలి, తేమ పూర్తిగా లాగేసి), యూనిట్ మీది స్టిక్కర్‌లో రాసినంత గ్యాస్ తూకం వేసి నింపాలి. ఆయన వచ్చే రోజు మీవారు ఇంట్లో ఉండాలి. డబ్బు దేనికి పోతోందో కళ్లారా చూస్తే ఆయన అనుమానమూ తగ్గుతుంది.

మీవారితో మాట మీరే మొదలుపెట్టండి. ముందు ఫిల్టర్ గురించి మాట్లాడండి, 'కాస్త స్టూల్ పట్టుకోండి' అంటే చాలు. నాలుగు రోజుల మౌనం అలాంటి చిన్న పనితోనే సులువుగా విడుతుంది. రెండో మాట మాత్రం పాప నిద్రపోయాక, అత్తయ్యగారి ముందు కాకుండా, ఏడవకుండా, అరవకుండా చెప్పండి: 'ఏసీని ఏమైనా అనండి. నాన్న ఇప్పుడు లేరు, జవాబు చెప్పుకోలేరు. ఆయన్ని అంటే నాకు చాలా నొప్పిగా ఉంటుంది.' అంతే చెప్పి ఆగండి. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు. ఆ రాత్రికి వదిలేయండి, తెల్లారి మళ్లీ ఎత్తకండి. మళ్లీ ఎప్పుడైనా ఆ మాట వస్తే, అప్పుడు ఇదే మాట ఇంతే నెమ్మదిగా చెప్పండి.