యూట్యూబ్ ఛానెళ్లు వచ్చాక పేపర్ల, టీవీల పెత్తనం పోయిందా? ఒక మాజీ కంట్రిబ్యూటర్ జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "సొంత ఛానెళ్లు, రీల్స్ ఇంతగా పెరిగాక పేపర్లు, టీవీలు, సినిమాలు నడిపించిన సంస్కృతి నిలబడుతుందా? మీ అనుభవంలో ఏం చూశారు?"

నాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు. పన్నెండేళ్లు ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా చేశాను. జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అంటే అచ్చైన వార్తలన్నీ నెలాఖరున కత్తిరించి, స్కేలు పెట్టి కొలిచి, సెంటీమీటర్ల లెక్కన బిల్లు పంపుకోవాలి. ఆ డబ్బు పెట్రోలుకు కూడా చాలేది కాదు. జనవరి 26కీ ఆగస్టు 15కీ యాడ్స్ టార్గెట్ మాత్రం తప్పేది కాదు. సర్పంచు ఇంటి ముందు చేతులు కట్టుకుని శుభాకాంక్షల ప్రకటన అడుక్కున్నవాడు వారం తిరక్కుండా అదే సర్పంచు మీద వార్త ఏం రాస్తాడు? సరే, అది వేరే కథ.

మొదట్లో వార్త రాసి కవర్లో పెట్టి సాయంత్రం కర్నూలు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ని. నేను రాసేది ఒకటి, పొద్దున పేపర్లో వచ్చేది ఇంకొకటి. "వాన పడింది, నేల పదునైంది, బుడ్డలు విత్తుతున్నారు" అని రాసి పంపితే "ఖరీఫ్ సాగుకు సమాయత్తమైన అన్నదాతలు" అని వచ్చేది. బుడ్డలు కాస్తా వేరుశనగ అయిపోయేది. ఒకసారి మా చిన్నాన్న చేను ఫోటోతో వచ్చిన వార్తను ఆయనకే చదివి వినిపించాను. అంతా విని, "ఇది ఎవురి చేను గురించి?" అన్నాడు.

టీవీలు ఇంకొక రకం. దసరా రాత్రి దేవరగట్టుకు కెమెరాలన్నీ వస్తాయి. కర్రల సమరం, ఎన్ని తలలు పగిలాయి, ఆసుపత్రిలో ఎంతమంది, అంతే. మాళ మల్లేశ్వరుడి విగ్రహాలను నెరణికి, కొత్తపేట జనం ఎందుకు చుట్టుముట్టి కాపాడుకుంటారో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. తెల్లవారుజామున భవిష్యవాణి చెబుతారు, వచ్చే ఏడు పత్తి ధర ఎంత, జొన్నల ధర ఎంత అని. మా పెద్దలు రాత్రంతా మేలుకునేది దానికోసం. అది ఏ మూలో రెండు లైన్లలో పోతుంది. ఇక సినిమావాళ్లు 1999 నుంచి ఒక పదేళ్లు ఫ్యాక్షన్ కథల పేరుతో మమ్మల్ని సుమోల్లోంచి కిందికి దింపలేదు. హీరో కడప కొండల్లో పుట్టినా భీమవరంలో చదువుకున్నట్టు మాట్లాడతాడు. మా యాస విలన్ పక్కనుండే వాడికి ఇచ్చేవాళ్లు.

కాబట్టి 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మా అక్క కొడుకు ఫోను పట్టుకుని చేలెంబడి తిరగడం మొదలుపెడితే అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. వాడు బుడ్డల్ని బుడ్డలనే అన్నాడు. గొర్రు, గుంటక, పదును, అన్నీ ఇంట్లో మాట్లాడినట్టే. మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయిన మా ఊరివాళ్లు రాత్రిపూట ఆ వీడియోలు చూసేవాళ్లట. బెంగళూరులో ఆటో తోలే ఒకాయన "బుడ్డలు అన్న మాట విని ఎన్నేళ్లయిందో తమ్ముడూ" అని కామెంట్ పెట్టాడు. నా పన్నెండేళ్ల లైన్ అకౌంట్‌లో అలాంటి ఉత్తరం ఒక్కటి రాలేదు. అప్పటికే నేను పేపరు మానేసి జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. పెత్తనం పోయింది, పీడ వదిలింది అనుకున్నాను.

ఇప్పుడు వజ్రాల సంగతి. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టూ, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరు దాకా, తొలకరి వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. వాటిలో ఎప్పుడైనా ఒక వజ్రం ఉంటుంది. వజ్రకరూరులో కింబర్లైట్ పైపులు, అంటే వజ్రాలుండే రకం రాతి పొరలు, నేల లోపల ఉన్నాయని భూగర్భ శాఖవాళ్లు ఎప్పుడో తేల్చారు, కాబట్టి ఇది ఉత్త పుకారు కాదు. జూన్ వస్తే కూలీలు పనులు మాని చేలల్లో వంగి వెతుకుతారు. దొరికితే వ్యాపారులు గుట్టుగా కొనుక్కుపోతారు. ధర ఎంతో కొన్నవాడికి, అమ్మినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఏటా జూన్‌లో నేనూ ఒక వజ్రం వార్త పంపేవాణ్ని. "కూలీకి వజ్రం, పది లక్షలు, ఐదు తులాల బంగారం." పంపిన గంటకు డెస్కు నుంచి ఫోను. ఆ సబ్-ఎడిటర్ సారు గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఎవరు చెప్పారు?" "ఊరంతా అంటున్నారు సార్." "దొరికినవాణ్ని చూశావా?" "లేదు సార్." "రాయిని చూశావా?" "లేదు సార్." చివరికి "వజ్రం లభించినట్లు ప్రచారం" అని మూడు సెంటీమీటర్లు వేసేవాడు. నాకు ఒళ్లు మండేది. బుడ్డల్ని వేరుశనగ చేసింది కూడా ఆ సారే.

మా మేనల్లుడికి అట్లా ఫోను చేసి అడిగేవాడు ఎవడూ లేడు. ఒక జూన్‌లో పక్క ఊర్లో ఎవరికో రాయి దొరికిందని విన్నాడు. ఆ ఊరికి పోలేదు. వెలుతురు బాగుందని మా చిన్నాన్న చేలోనే నిలబడి వీడియో తీసి, "ఈ చేలో కోటి రూపాయల వజ్రం" అని పెట్టాడు. దారి కూడా చెప్పాడు, గుడి దాటాక ఎడమచేతి వైపు అని. ఆ చేలో నాకు తెలిసి దొరికిన ఖరీదైన వస్తువు మా చిన్నమ్మ ముక్కుపుడక ఒక్కటే, అదీ ఆమె పోగొట్టుకున్నదే.

మూడో రోజు పొద్దున నాకు ఫోను వచ్చింది. పోయి చూస్తే రోడ్డు పొడుగునా బైకులు, ఆటోలు, రెండు తుఫాన్ బండ్లు. బళ్లారి నుంచి, గుంటూరు నుంచి, ప్రకాశం జిల్లా నుంచి పిల్లాపాపలతో వచ్చారు. రొట్టెలు, చట్నీ కట్టుకొచ్చి, రాత్రి గుడి అరుగు మీదే పడుకున్నారట. ఎవరూ గొడవ చేయడం లేదు, అదే విచిత్రం. చేలో అందరూ వంగి, మాటా పలుకూ లేకుండా, తల వెంట్రుకల్లో పేలు చూసినట్టు నేలను చూస్తున్నారు. కొందరి చేతుల్లో స్క్రూడ్రైవర్లు. చిన్నాన్న అంతకు రెండు రోజుల ముందే నాలుగు ఎకరాల్లో కదిరి-6 రకం బుడ్డల విత్తనం వేశాడు. అది వాళ్ల కాళ్ల కింద ఉంది. ఒక పిల్లాడు పెళ్లగించిన బుడ్డవిత్తు నోట్లో వేసుకుని నములుతున్నాడు. చిన్నాన్న గట్టున కూర్చుని, ఎవరిని తిట్టాలో తెలియక నన్ను తిట్టాడు. "నీ పేపరోళ్లే నయం రా, వాళ్లు రాసింది ఎవురికీ అర్థం కాదు, ఎవురూ వచ్చేవాళ్లు కాదు."

నాలుగో రోజు ఒక టీవీ ఛానెల్ గొట్టం పట్టుకుని దిగింది. అల్లుడి వీడియోనే వేసుకున్నారు, మూల ఉన్న వాడి లోగోను మసక చేసి. వాడు ఏడుపు మొహంతో షాపుకు వచ్చి, "మామా, నా వీడియో దొంగిలించినారు" అన్నాడు. తాత చేను సంగతేందిరా అంటే దానికి బదులు లేదు.

ఆ మధ్యాహ్నం మనసు బాగలేక ఎర్రగుడి పోయాను. మాకు దగ్గరే, అశోకుడి శాసనాలున్న బండలు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దు దున్నినట్టు. అందులో ఒక మాట ఉంది. రాజాజ్ఞను రజ్జుకుడికి చెప్పండి, అతను భేరి మోగించి జనపదంలో చెబుతాడు అని. అంటే రాజు, అధికారి, భేరి, చివర్న జనం. నేను చేసింది ఆ రజ్జుకుడి ఉద్యోగమే, కాకపోతే సెంటీమీటర్ల లెక్కన. ఇప్పుడు భేరి ప్రతివాడి జేబులోనూ ఉంది.

ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, పెద్ద మీడియాకు దెబ్బ తగిలింది గానీ పడిపోదు, కావలసిన వాళ్లను లోపలికి లాక్కుంటుంది. లంబాడిపల్లి గంగవ్వనే చూడండి. 2012లో మొదలైన ఒక పల్లె ఛానెల్ ఆమెను అందరికీ చూపిస్తే, 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు తీసుకుపోయారు. తెలంగాణ మాట అట్లా ప్రతి ఇంట్లోకీ వచ్చింది, సంతోషమే. మా సీమకు ఇంకా అట్లాంటి మనిషి రాలేదని నా కడుపుమంట. మా పిల్లలు యాస పేరుతో కత్తులు, తొడగొట్టడాలు రీల్స్ చేస్తున్నారు. సినిమావాడు అంటించిన మకిలిని ఇప్పుడు మనమే పూసుకుంటున్నాం, వ్యూస్ కోసం.

నా భాష నాకు ఇచ్చిందీ, చిన్నాన్న చేను తొక్కించిందీ ఒకే ఫోను. బుడ్డల్ని బుడ్డలనే ఉంచి, "ఎవరు చెప్పారు?" అని మాత్రం అడిగే సారు ఒకడుంటే బాగుండేదనిపిస్తుంది. అల్లుడికి ఈ మాట చెబితే, "అట్లాంటోళ్లకు జీతం ఎవరిస్తారు మామా?" అన్నాడు. నాకెవరిచ్చారని?

తరువాతి ఏడాది మే నెలాఖరుకు చిన్నాన్న షాపుకు వచ్చాడు. పోయిన ఏడు జనం వెళ్లిపోయే ముందు వారం రోజులు గట్టు పక్కన బైకు పార్కింగ్ పెట్టి, నీళ్ల క్యాన్లు అమ్మి, విత్తనం ఖర్చు చాలావరకు రాబట్టుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. అల్లుడు లోపల కంప్యూటర్ ముందు ఉన్నాడు. చిన్నాన్న గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"ఏమబ్బీ, వీడియో ఎప్పుడు పెడతాండావో ముందే చెప్పు. విత్తనం దాన్ని బట్టి ఏస్తా."