సీరియల్లో ఆడవాళ్ళంటే ఇంతేనా?

ప్రశ్న: మేడమ్, నేనూ అమ్మా రోజూ సీరియల్ చూస్తాం, అందులో ఆడవాళ్ళయితే ఏడుస్తూ అన్నీ భరించే మంచామె, లేకపోతే కుట్రలు చేసే విలన్, మామూలు మనిషే కనిపించదు. ఎందుకిలా?

జవాబు: రోజూ ఎపిసోడ్ ఇవ్వాలంటే రాసేవాళ్ళకి టైమ్ ఉండదండీ, చూడగానే గుర్తుపట్టే పాత్ర ఈజీ, ఒకసారి రేటింగ్ వచ్చిందా ఇక అదే తిప్పుతారు. ఒకటి గమనించండి, హీరోయిన్ ఉద్యోగం చేస్తుందంటారు గానీ ఆమె పని చేసే సీన్ ఒక్కటీ ఉండదు, పైకి ఎదగాలని ఆశపడే ఆడదైతే చెడ్డది, అదే ఆశ మగాడికుంటే హీరో, నాకు దీనిమీదే ఎక్కువ కోపం. 1985లో అలిసన్ బెక్‌డెల్ అనే అమెరికన్ కార్టూనిస్ట్ తన కామిక్‌లో సినిమాలకి ఒక పరీక్ష పెట్టింది, కథలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అదీ మగాడి గురించి కాకుండా, అంతే. పాసైతే గొప్ప కథ అని కాదు, కానీ ఎంత చిన్న కోరికో చూడండి! ఈ రాత్రి మీ సీరియల్‌కి పెట్టి చూడండి, అమ్మని కూడా లెక్కపెట్టమనండి, ఏం తేలిందో నాకు రాయండి.