క్లబ్బుల్లో ఊరికే పనిచేసేవాళ్లకు ఏం ఒరుగుతుంది?

"జీతం లేదు, పేరు రాదు. అయినా స్పోర్ట్స్ క్లబ్బుల్లో కొందరు ఏళ్ల తరబడి ఎందుకు చాకిరీ చేస్తారు?" అని అడిగారు. అందరి సంగతీ నాకు తెలియదు. మా వాలీబాల్ క్లబ్ మాస్టారి సంగతి తెలుసు. కిందటేడు కన్నుమూశారు.

మాస్టారు అంటున్నాను గానీ ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు, కోచ్ సర్టిఫికెట్టూ లేదు. ఏదో ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. సాయంత్రమయ్యేసరికి స్టోర్ రూమ్ తాళం చెవితో ప్రత్యక్షమయ్యేవారు. బంతుల్లో గాలి చూడటం, తెగిన నెట్టు అల్లడం, సున్నంతో గీతలు వేయడం అన్నీ ఆయనే. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 అని అందరికీ తెలుసు. ఆయన అక్కడితో ఆగేవారు కాదు. సగం కోర్టుకి ఈ మూల నుంచి ఆ మూలకి టేపు పట్టించేవారు. 12 మీటర్ల 73 సెంటీమీటర్లు రాకపోతే ఎక్కడో వంకర పోయినట్టే. చెరిపేసి మళ్లీ మొదలు. పైథాగరస్ నాకు అర్థమైంది క్లాసులో కాదు, ఆ టేపు కొస పట్టుకుని ఎండలో నిలబడినప్పుడు.

నెట్టు కోసం ఆయన దగ్గర ఒక కర్ర ఉండేది. దాని మీద రెండు గీతలు: మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. ముందు మధ్యలో పెట్టి చూసేవారు, తర్వాత రెండు పక్కలా. పక్కల ఎత్తు సమానంగా ఉండాలి, మధ్య కంటే 2 సెంటీమీటర్లు మించి పెరగకూడదు. "ఒరేయ్, నెట్టు సాగిపోతే మీ స్మాష్‌లూ అబద్ధమేరా" అనేవారు.

ఇక అసలు విషయం. జూనియర్స్ టోర్నమెంట్, ఫైనల్, మూడో సెట్. 15 పాయింట్ల సెట్టు. మేం వెనకబడి, పాకుతూ పాకుతూ 13-13కి తెచ్చాం. సర్వీస్ మాకొచ్చింది. ఆ ఊపులో బంతి నేను లాక్కున్నాను. నిజానికి వంతు నాది కాదు, నా పక్కవాడిది. వాడూ చూసుకోలేదు, మా కోచ్ కూడా. స్కోరర్ బల్ల దగ్గర మాత్రం మాస్టారు ఉన్నారు. చిన్న టోర్నమెంట్లకు బయటి నుంచి స్కోరర్ ఎవడొస్తాడు? ఆడించే క్లబ్ మనిషే కూర్చోవాలి.

నేను జీవితంలో కొట్టిన బెస్ట్ సర్వ్ అదే. అవతల ఇద్దరి మధ్య పడింది, ఎవడూ కదల్లేదు. మావాళ్లు నా మీద పడి గోల చేస్తుంటే గంట మోగింది. మాస్టారు లేచి నిలబడి రిఫరీని పిలుస్తున్నారు. రొటేషన్ ఫాల్ట్, అంటే సర్వీస్ వంతు తప్పడం. పాయింటూ సర్వీసూ వాళ్లకి. 13-14. తర్వాతి ర్యాలీ కూడా పోయింది.

ఏడుస్తూనే వెళ్లి అడిగాను, "నేను బంతి పట్టుకున్నప్పుడే మీకు తెలుసు కదా, ఒక్క సైగ చేస్తే ఏం పోయింది?" అని. ఆయన స్కోర్‌షీట్ నా వైపు తిప్పి, ఒకటి నుంచి ఆరు దాకా రోమన్ అంకెలున్న గళ్లలో మా సర్వీస్ వరస వేలితో చూపించారు. "సర్వ్ కొట్టాకే చెప్పాలి నాన్నా. ముందు చెబితే నేను మీ పక్షం." అంతే. ఓదార్పేమీ లేదు. రూలు నిజంగానే అదని తర్వాత చదివితే తెలిసింది. పై వారం పెన్ను నా చేతికిచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అప్పటి నుంచి సర్వీస్ వరస పొరపాటున కూడా మర్చిపోలేదు.

ఈ రోజుల్లో స్కోర్‌షీట్ రాయమంటే ఎవరూ రారు. పిల్లవాడిని టీమ్‌లోకి ఎందుకు తీసుకోలేదని గొడవకి మాత్రం తల్లిదండ్రులు ముందుంటారు. వాట్సాప్ గ్రూపులో సలహాలు యాభై, నెట్టు విప్పడానికి వచ్చేది ఇద్దరు. నన్నడిగితే క్లబ్బుని నిలబెట్టేది కోచ్ కాదు, ప్రెసిడెంట్ అసలే కాదు. తాళం చెవి ఉన్న మనిషి. ఇందులో వాదన లేదు.

సంతాప సభలో ప్రసంగాలు గంటన్నర సాగాయి. ఆయన్ని "క్రీడాస్ఫూర్తి" అన్నవాళ్లలో సగం మందికి ఆయన రాసిన షీట్ ఎలా ఉంటుందో తెలియదు. అయిపోగానే అందరూ సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు. కుర్చీలు మడవడానికి మిగిలింది నలుగురం. అందులో ఒకాయన నాకు తెలిసిన మనిషిలా లేడు. పరిచయం చేసుకుంటే ఆ రోజు అవతలి టీమ్ కెప్టెన్ అని తేలింది.

"మీ రొటేషన్ తప్పని మా బెంచి మీద ఒక్కడూ చూడలేదండీ. ఆయన ఊరుకుంటే మేం ఓడిపోయి ఇంటికి పోయేవాళ్లం" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. చెరో పక్కా పట్టుకుని కుర్చీలు స్టోర్ రూమ్‌లోకి మోశాం. గోడకి ఆ కర్ర ఇంకా ఆనించే ఉంది.