పాఠకుల ప్రశ్నలు: టీవీలో నల్లజాతి వాళ్లంటే తుపాకులేనా?

ప్రశ్న: మా బాబు డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాడుండే అపార్ట్‌మెంట్‌లో ఎక్కువమంది నల్లజాతి వాళ్లేనట. సీరియళ్లలో చూస్తే వాళ్లంటే డ్రగ్సు, తుపాకులు. నాకేమో టెన్షన్. వాడేమో "అమ్మా, పక్క ఫ్లాటాయన నైజీరియా నుంచి వచ్చిన నర్సు, కిందివాళ్లది హైతీ, నువ్వు ఆ సీరియళ్లు మానెయ్" అంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ బాబు మాటే నమ్మండమ్మా. అమెరికాలోని నల్లజాతి వాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు వేరే దేశంలో పుట్టినవాళ్లే. జమైకా, హైతీ, నైజీరియా, ఇథియోపియా... భాష వేరు, తిండి వేరు, కొందరిది చర్చి, కొందరిది మసీదు. టీవీ ఇదంతా చాలాకాలం పట్టించుకోలేదు. 1951లో 'ఏమోస్ అండ్ ఆండీ' అనే కామెడీ షో టీవీకి వచ్చినప్పుడు నటులు నల్లజాతి వాళ్లే, కానీ ఆ పాత్రల్ని అంతకుముందు రేడియోలో పుట్టించి గొంతిచ్చింది ఇద్దరు తెల్లవాళ్లు. మమ్మల్ని నవ్వులపాలు చేస్తారా అని నల్లజాతి వాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంఘం గట్టిగా అడ్డం తిరిగింది, ఆ షో 1953లో ఆగిపోయింది. 1984లో 'కాస్బీ షో' వచ్చింది. నాన్న డాక్టరు, అమ్మ లాయరు, బ్రూక్లిన్‌లో సొంతిల్లు, జనం ఎగబడి చూశారు. దానిమీదా గొడవే! పేదవాళ్లు ఏరీ అని కొందరు, వీళ్లింత బాగుంటే ఇక వివక్ష ఎక్కడుందని తెల్లవాళ్లు అనుకుంటారని ఇంకొందరు. నన్నడిగితే ఆ కథది తప్పు కాదు. అప్పటికే రెండున్నర కోట్లు దాటిన జనం మొత్తానికి ఒక్క ఇంటిని చూపించి సరిపెడితే ఏ ఇల్లు మోస్తుంది?

మీరు చూసేవి పోలీసు సీరియళ్లు అయ్యుంటాయి, వాటికి వారం వారం ఒక దొంగ కావాలి, అంతే. 2019లో మొదలైన 'బాబ్ హార్ట్స్ అబిషోలా' చూడండి, అందులో అబిషోలా డెట్రాయిట్‌లో పనిచేసే నైజీరియా నర్సు, ఇంట్లో యొరుబా మాట్లాడతారు. రాసినవాళ్లలో ఒకరైన జీనా యాషెరే నైజీరియా తల్లిదండ్రులకు లండన్‌లో పుట్టినామె, అందుకే ఆ ఇంటి పెద్దవాళ్ల పోరు అంత అచ్చంగా ఉంటుంది.

ప్రశ్న: మాది చెరుకు పండించే ఊరు. అమెరికాలో నల్లజాతి రైతులు అసలున్నారా? టీవీలో ఒక్కరూ కనపడరు.
– ఒక రైతు, మెట్‌పల్లి దగ్గర

జవాబు: ఉన్నారన్నా, తగ్గిపోయారు. 1920లో తొమ్మిది లక్షలకు పైగా ఉండేవాళ్లు, ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. భూములు చేజారాయి, అప్పులు పుట్టలేదు. వ్యవసాయ శాఖే అప్పుల్లో వివక్ష చూపిందని వాళ్లు కేసు వేస్తే 1999లో పరిహారానికి ఒప్పందం కుదిరింది. మీకోసమే అన్నట్టు ఒక సీరియల్ ఉంది, 'క్వీన్ షుగర్', 2016 నుంచి 2022 దాకా వచ్చింది. లూసియానాలో తండ్రి పోయాక అక్కాచెల్లెళ్లు, తమ్ముడు కలిసి చెరుకు తోట నిలబెట్టుకునే కథ. మిల్లు పెద్దల చేతిలో పడలేక ఒకామె సొంత మిల్లే పెడుతుంది. 2015లో మీ దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు ఎటు తోలాలో తెలియక తిరిగినవాళ్లకు ఆ మిల్లు గొడవ విడమర్చి చెప్పక్కర్లేదు. కాస్త నిదానంగా నడుస్తుంది, మొదటి రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టండి.