లోడు కట్టింది స్నేహితుడు, ట్రక్కు నడిపింది నేను: బాధ్యత ఎవరిది?

సందేహం: మేం సియాటెల్ దగ్గర ఉంటాం. నాది హెచ్-1బీ వీసా. జనవరిలో స్నేహితుడి పికప్ ట్రక్కులో స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) వేసుకుని స్నోక్వాల్మీ పాస్ అనే కొండ కనుమ అవతలికి వెళ్లాం. ట్రక్కుది ఐదున్నర అడుగుల షార్ట్ బెడ్ (సామాను వేసే వెనక భాగం). టెయిల్‌గేట్ (వెనక తలుపు) దించి, రెండు స్ట్రాప్‌లతో తనే కట్టాడు. తిరిగొచ్చేటప్పుడు, ట్రాక్ (కింద తిరిగే పట్టీ) నిండా మంచు గడ్డకట్టిన బండిని అలాగే ఎక్కించి కట్టాడు, తను అలసిపోతే నేను నడిపాను. ఐ-90 మీద పాస్ దిగుతుండగా ఒక స్ట్రాప్ తెగి, స్నోమొబైల్ రోడ్డు మీద పడింది. వెనక కారు దాన్ని గుద్దుకుని బంపర్, హెడ్‌లైట్ పోయాయి. ఆ కారు నడిపినావిడ నా లైసెన్స్ ఫొటో తీసుకుంది, వివరాలు ఇచ్చిపుచ్చుకున్నాం, పోలీసులను పిలవలేదు. మూడు వారాల తర్వాత ఆవిడ లాయర్ నుంచి మెడనొప్పి ఉందంటూ ఉత్తరం వచ్చింది. నా స్నేహితుడు ఇక్కడి సిటిజన్. ‘నేనే నడిపానని ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్తాను, నీ వీసాకు ఏమీ కాదు’ అంటున్నాడు. పదేళ్ల స్నేహం మాది. నేను కట్టనే లేదు కదా, నాకు బాధ్యత ఉంటుందా? ఆ స్ట్రాప్‌లు చూస్తే భయమేసి చెత్తలో పడేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సలహా: మీ ఉత్తరంలో స్నేహం గురించి, భయం గురించి రాశారు. కేసును తేల్చేది అందులో ఒకే ముక్క: ‘నేను నడిపాను’. వాషింగ్టన్ రాష్ట్ర చట్టంలో లోడు గురించిన సెక్షన్ చెప్పేదే, లోడు గట్టిగా కట్టని వాహనాన్ని ఎవరూ హైవే మీద నడపకూడదు అని. తాడు ఎవరు బిగించారన్నది తర్వాతి ప్రశ్న. 2004లో ఒక ట్రైలర్ నుంచి జారిన ఫర్నిచర్ చెక్క వెనక కారు అద్దంలోంచి దూసుకొచ్చి ఒక యువతి చూపు పోయింది. ఆ మరుసటి ఏడాదే ఈ సెక్షన్‌ను కఠినం చేశారు. గట్టిగా కట్టని లోడు పడి ఎదుటివారి ఆస్తి దెబ్బతింటే మిస్‌డిమీనర్ (చిన్న నేరం), మనిషికి తీవ్రంగా గాయమైతే గ్రాస్ మిస్‌డిమీనర్ (దానికంటే పెద్దది) కింద కేసు పెట్టే వీలుంది. కాబట్టి స్టీరింగ్ పట్టుకునే ముందు ట్రక్కు వెనక్కి వెళ్లి ఒకసారి స్ట్రాప్ లాగి చూడాల్సింది మీరే.

అలాగని మీ స్నేహితుడు బయటపడ్డట్టు కాదు. పరిహారం దావాలో తప్పును ఈ రాష్ట్రంలో శాతాలుగా పంచుతారు. కట్టినవాడికి కొంత, నడిపినవాడికి కొంత, మరీ దగ్గరగా వచ్చి ఉంటే వెనక కారుకూ కొంత పడుతుంది. ఆవిడ తప్పు ఏమీ లేదని తేలితే మాత్రం మొత్తం సొమ్ము మీ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. అందుకే ఎవరు ఎలా కట్టారన్న సాక్ష్యం మీకు ప్రాణం.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. స్ట్రాప్‌లు చెత్తలో పడేయడం ఏమిటండీ! ఈ కేసులో మీ తరఫున నోరు విప్పి మాట్లాడగలిగిన వస్తువు అదొక్కటే. రాచెట్ స్ట్రాప్‌కు (పళ్ల చక్రంతో బిగించే పట్టీకి) కుట్టిన చిన్న లేబుల్ మీద అది ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. తెగిన అంచు చూస్తే రేకు మీద రాసుకుని కోసుకుపోయిందో, పాతబడి పీచులై ఊడిందో తెలుస్తుంది. సరైన స్ట్రాప్ లోపం వల్ల తెగిందా, సైకిల్ కట్టే స్ట్రాప్‌ను ఐదువందల పౌండ్ల బండికి వాడారా అన్న తేడా మీద మీ ఇద్దరి శాతాలు మారిపోతాయి. పైగా ప్రమాదం తర్వాత సాక్ష్యం పారేస్తే, అది మీకు వ్యతిరేకంగా ఉండబట్టే పారేశారని అవతలి లాయర్ వాదిస్తాడు.

కొలతలు కూడా మీకు అనుకూలంగా లేవు. స్నోమొబైల్ దాదాపు పది అడుగులు ఉంటుంది. ఐదున్నర అడుగుల బెడ్‌లో వేస్తే నాలుగున్నర అడుగులు బయటికి ఉంటుంది. కొంత భాగం టెయిల్‌గేట్ మీద ఆనినా మిగతాది గాలిలోనే. బెడ్ దాటి నాలుగు అడుగులు, అంతకు మించి లోడు వెనక్కి పొడుచుకొస్తే పగలు ఎర్రజెండాలు, రాత్రి ఎర్రలైట్లు పెట్టాలని చట్టం. మీరు పెట్టినట్టు ఎక్కడా రాయలేదు. 

మీరు మామూలుగా రాసేసిన ఇంకో వాక్యం నన్ను ఆపింది. ఎక్కించేటప్పుడు ట్రాక్ నిండా మంచు గడ్డకట్టి ఉందన్నారు. పాస్ మీద బిగించిన స్ట్రాప్, కిందికి దిగేకొద్దీ ఆ మంచు కరిగి, సస్పెన్షన్ కుంగి, వదులవుతుంది. వదులైన స్ట్రాప్ కుదుపుకు తెగుతుంది. కమర్షియల్ ట్రక్కులకు మొదటి 50 మైళ్లలోపే లోడు మళ్లీ చూసుకోవాలని ఫెడరల్ నియమం ఉంది. అది మీ స్నేహితుడి సొంత పికప్‌కు నేరుగా వర్తించదు. అయినా ‘దారిలో ఎక్కడైనా ఆగి చూశారా?’ అన్న ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. పెట్రోలు పోయించుకోవడానికి ఆగి ఉంటే ఆ రసీదు వెతకండి.

ఇక మీ స్నేహితుడి ఉపాయం. దాని జోలికి పోకండి. ఆ రోజు రోడ్డు పక్కన ఆవిడ మీ లైసెన్స్ ఫొటో తీసుకుంది. డ్రైవర్ సీటులోంచి దిగింది ఎవరో చూసింది. నడిపింది వేరొకరని ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం ఈ రాష్ట్రంలో దానికదే నేరం. క్లెయిమ్ 1,500 డాలర్లు దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం. నిర్లక్ష్యం వల్ల జరిగిన తప్పును ఇమిగ్రేషన్ చట్టం సాధారణంగా ‘నైతిక పతనం’ (వీసాకు ముప్పు తెచ్చే నేరాల వర్గం) కింద లెక్కించదు. మోసాన్ని లెక్కిస్తుంది. వీసాను కాపాడదామని మొదలుపెట్టిన అబద్ధమే వీసాను ముంచుతుంది. పైగా అబద్ధం బయటపడితే కంపెనీ కవరేజీ నిరాకరించవచ్చు. అప్పుడు ఆవిడ వైద్యం ఖర్చులు మీ జేబులోంచే.

నిజానికి ఆ అబద్ధం అవసరమే లేదు. బండి సొంతదారు అనుమతితో నడిపినవారికి ట్రక్కు పాలసీ మామూలుగా వర్తిస్తుంది, ముందు ఖర్చు అదే భరిస్తుంది. మీ కారు పాలసీ ఆ తర్వాత వస్తుంది. ఈ రాష్ట్రంలో కనీస కవరేజీ గాయాలకు మనిషికి 25,000 డాలర్లు, ఆస్తి నష్టానికి 10,000. ఆవిడ కారు బంపర్, హెడ్‌లైట్ లెక్క అందులో తేలిగ్గా సరిపోవచ్చు. మెడనొప్పి ఎంతదాకా పోతుందో ఆవిడ వైద్య రికార్డులు చూస్తే తప్ప చెప్పలేం. ఆవిడకు దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, కాబట్టి రెండు నెలలు ఫోన్ రాలేదని ఊపిరి పీల్చుకోకండి.

పోలీసులు రానప్పుడు, గాయాలున్నా, నష్టం 1,000 డాలర్లు దాటినా డ్రైవర్ నాలుగు రోజుల్లో ప్రమాదం రిపోర్టు ఇవ్వాలి. ఆ గడువు మీరు దాటేశారు. వెంటనే ఇక్కడ ప్రాక్టీస్ చేసే డిఫెన్స్ లాయర్‌ను కలవండి. మొదటి మాటగా వీసా సంగతి చెప్పండి. నేరారోపణ ఒప్పుకుంటే ఇమిగ్రేషన్‌పై ఏం ప్రభావం పడుతుందో క్లయింటుకు చెప్పాల్సిన బాధ్యత లాయర్‌దేనని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. వాషింగ్టన్‌లో గ్రాస్ మిస్‌డిమీనర్‌కు గరిష్ఠ శిక్షను 2011లో 365 రోజుల నుంచి 364కు తగ్గించిందీ ఆ చిక్కుల కారణంగానే. ఏడాది శిక్ష పడగల నేరాన్ని ఇమిగ్రేషన్ చట్టం తీవ్రంగా చూస్తుంది కాబట్టి, ఒక్క రోజుకు అందులో అంత విలువ ఉంది. రిపోర్టు ఆ లాయర్ చూశాకే ఆలస్యంగానైనా పంపండి. అదే రోజు రెండు పాలసీలవాళ్లకూ, నడిపింది మీరేనని రాతపూర్వకంగా తెలియజేయండి. ఆవిడకు గానీ ఆవిడ లాయర్‌కు గానీ నేరుగా ఒక్క మెసేజ్ కూడా పెట్టకండి.

ఫోన్లో ఉన్న ఆనాటి ఫొటోలు, వాట్సాప్ గ్రూపు మాటలు ఏదీ డిలీట్ చేయకండి. మీ స్నేహితుడి ఉపాయం ఉన్న మెసేజ్‌తో సహా. బండి ఎక్కించాక ట్రక్కు ముందు నిలబడి గ్రూపు ఫొటో ఏదైనా దిగి ఉంటే, అందులో వెనక స్ట్రాప్ కనిపిస్తుందేమో పెద్దది చేసి చూడండి. మీరు పారేసినవాటి లాంటి స్ట్రాప్‌లే మీ స్నేహితుడి గరాజ్‌లో ఇంకా ఉంటే ఒకటి అడిగి తెచ్చుకోండి. లేబుల్ ఊడిపోకుండా కవర్లో వేసి లాయర్‌కు ఇవ్వండి.