రోజువారీ కారుకు ఎలాంటి టర్బో? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది కావలి, ఉద్యోగం ఒంగోలులో. రోజూ జాతీయ రహదారి మీద వెళ్లి రావడానికి 2019 నాటి స్విఫ్ట్ పెట్రోలు కారు వాడుతున్నాను. ఏసీ వేసుకుని నలుగురం కూర్చుంటే, ముందున్న లారీని దాటడానికి మూడో గేరుకు దిగవలసి వస్తోంది. నెల్లూరు ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ ఒకరు, డీజిల్ కారు నుంచి తీసిన టర్బో తన దగ్గర ఉందని, అది బిగిస్తే బండి 150 హార్స్‌పవర్ ఇస్తుందని అంటున్నారు. రోజూ తిరిగే బండికి ఎలాంటి టర్బో సరిపోతుంది? దానితోపాటు ఏమేం మార్చుకోవాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ 150 సంగతి కాసేపు పక్కన పెట్టండి. టర్బో అంటే ఇంజను పొగతో ఒక చక్రాన్ని (టర్బైన్) తిప్పి, దానికి జతగా ఉన్న ఇంకో చక్రంతో (కంప్రెసర్) గాలిని అదిమి ఇంజనులోకి పంపే పరికరం. మీ ఇంజను రోజులో ఎక్కువసేపు ఎంత ఆర్పీఎంలో (నిమిషానికి ఎన్ని చుట్లు) తిరుగుతోందో ముందు చూసుకోండి. రోజువారీ బండికి టర్బో ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అదే.

మీ కారులోని 1197 సీసీ ఇంజను 83 హార్స్‌పవర్‌ను 6000 ఆర్పీఎం దగ్గర, 113 న్యూటన్ మీటర్ల టార్కును (లాగే బలాన్ని) 4200 దగ్గర ఇస్తుంది. మీరు హైవే మీద ఐదో గేరులో 80, 90 వేగంతో పోయేటప్పుడు 2500కు కాస్త అటూ ఇటూగా ఉంటారు. టంగుటూరు టోల్ ప్లాజా దాటి మళ్లీ వేగం అందుకునేటప్పుడు, ఒంగోలు ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు అంతకన్నా కిందే ఉంటారు. నాలుగు స్ట్రోకుల ఇంజను ఒక్కో చుట్టుకు తన సీసీలో సగం గాలిని మాత్రమే పీల్చుకుంటుంది, అది కూడా పూర్తిగా నిండదు కనుక, పెడల్ అంతా తొక్కినా 2500 దగ్గర మీ ఇంజనుకు నిమిషానికి సుమారు 1270 లీటర్ల గాలే వెళుతుంది. 6000 దగ్గరైతే అది దాదాపు 3000 లీటర్లు. టర్బోను తిప్పేది బయటికి పోయే పొగ వేగమే కాబట్టి, 150 హార్స్‌పవర్‌కు సరిపడే పెద్ద టర్బో ఆ 1270 లీటర్ల దగ్గర సోమరిగా తిరుగుతుంది. అది మేలుకుని బూస్ట్ (అదిమిన గాలి ఒత్తిడి) ఇచ్చేసరికి మీరు లారీని దాటనైనా దాటి ఉంటారు, విసుగొచ్చి వెనక్కైనా తగ్గి ఉంటారు.

అందువల్ల మీ వాడకానికి చిన్న చక్రాలున్న టర్బోయే తగినది. 2000 ఆర్పీఎం లోపే బూస్ట్ మొదలై, 5000 దాటాక బలం కాస్త సడలినా ఫరవాలేదనుకుని ఎంచుకోవాలి. కొనేటప్పుడు టర్బైన్ హౌసింగ్ (పొగ తిప్పే చక్రం చుట్టూ ఉన్న లోహపు గుల్ల) మీద ఏ/ఆర్ అని ఒక అంకె పోత పోసి ఉంటుంది. తోటకు నీళ్లు పెట్టే గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే ధార దూరం పోయినట్టు, ఈ అంకె తగ్గేకొద్దీ పొగ ఇరుకు దారిలో వేగం పుంజుకుని చక్రాన్ని త్వరగా తిప్పుతుంది. అయితే ఆ ఇరుకే పై ఆర్పీఎంలో పొగను వెనక్కి తన్ని ఇంజనుకు ఊపిరాడకుండా చేస్తుంది. తయారీదారు ఇచ్చే కంప్రెసర్ మ్యాపులో (ఎంత గాలిని ఎంత ఒత్తిడికి ఎంత సామర్థ్యంతో అదుముతుందో చూపే పటంలో) ఎడమ అంచున సర్జ్ గీత ఉంటుంది, దానికి ఎడమ పక్కకు పోతే గాలి వెనక్కి తన్ని కంప్రెసర్ అదురుతుంది. మీ 2500 ఆర్పీఎం బిందువు ఆ గీతకు కుడి పక్కన, సామర్థ్యం ఎక్కువగా ఉన్న వలయాల్లో పడాలి. మ్యాపు దొరకని టర్బోను, అది ఎంత చౌకగా వచ్చినా, కొనకపోవడమే మంచిది.

డీజిల్ కారు నుంచి తీసిన టర్బో వద్దనడానికి ఇంకో కారణం ఉంది. డీజిల్ పొగ వేడి సాధారణంగా 800 డిగ్రీల లోపు ఉంటే, గట్టిగా నడిపే టర్బో పెట్రోలు ఇంజను పొగ 900 నుంచి 1000 డిగ్రీల వరకు పోతుంది. డీజిల్ కోసం ఎంచుకున్న లోహం ఆ వేడికి హౌసింగ్ దగ్గర నెర్రెలిస్తుంది. టర్బో వేడిగా ఉండగా బండి ఆపినప్పుడు లోపల నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడకుండా ఉండాలంటే, నీళ్లతో చల్లబడే రకం తీసుకోవాలి. ఆయిల్ తిరిగి ఇంజనులోకి పోయే గొట్టం లావుగా, ఎక్కడా వంపులో నిలవకుండా, నిటారుగా కిందికి దిగాలి. బిగించేవారు చాలామంది ఆయిల్ వచ్చే గొట్టం మీద చూపించే శ్రద్ధ పోయే గొట్టం మీద చూపించరు. తీరా పొగ నీలంగా వచ్చాక టర్బోయే చెడిందని తేల్చేస్తారు.

ఇక అసలు ఇబ్బంది వేడి. మన ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిని 0.5 బార్ (మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు సగం) బూస్ట్‌తో అదిమితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి అది దాదాపు 97 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. మంచి ఇంటర్‌కూలర్ (అదిమిన గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) దాన్ని 60 డిగ్రీల లోపుకు దించగలదు. ఇంటర్‌కూలర్ లేకుండా ఆ గాలినే ఇంజనులోకి పంపితే, సిలిండరులో మిశ్రమాన్ని పదకొండో వంతుకు అదిమే, అంటే పదకొండింతల కంప్రెషన్ ఉన్న మీ ఇంజనులో పెట్రోలు స్పార్క్ అవసరం లేకుండానే అంటుకుని, పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు నాకింగ్ మొదలవుతుంది. కంపెనీలు టర్బో పెట్రోలు ఇంజన్లలో కంప్రెషన్‌ను పది దరిదాపుల్లో ఉంచేది ఇందుకే. మన బంకుల్లో మామూలు పెట్రోలుతోపాటు ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని చెప్పే అంకె) ఎక్కువ ఉన్న ప్రీమియం రకాలూ దొరుకుతాయి. టర్బో బిగించాక ప్రీమియం రకమే వాడతానని మీరు అనుకున్నా, దారిలో ఏ బంకులోనో అది దొరకని రోజు తప్పకుండా వస్తుంది. కాబట్టి ట్యూనింగ్ అంతా మామూలు పెట్రోలుకే చేయించాలి. ఇంటర్‌కూలర్‌ను బంపరు వెనక, ఏసీ కండెన్సర్ ముందు పెడతారు గనుక, ఎండాకాలంలో ఏసీ చల్లదనం కొంత తగ్గుతుందన్న సంగతి కూడా మీ లెక్కలో ఉండాలి.

ఈ కారణాలన్నీ కలిపి చూస్తే, ఇంజను విప్పకుండా మీ బండికి నేను 0.3 బార్ దాటనివ్వను. దానికి కూడా పెద్ద ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మే నాజిళ్లు) కావాలి. ఇప్పుడు అమ్మే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు ఇథనాల్ లేని పెట్రోలు కన్నా ఇంధనం పాలు ఎక్కువ పడుతుందని గుర్తుంచుకుని వాటి కొలత ఎంచాలి. మామూలు గాలి ఒత్తిడి వరకే చదవగల మీ మ్యాప్ సెన్సర్ (ఇంజనులోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచేది) స్థానంలో 2 బార్ సెన్సర్ పెట్టాలి. ఈసీయూను (ఇంజనును నడిపే కంప్యూటర్‌ను) కొత్తగా ట్యూన్ చేయించాలి. ఒక మెట్టు చల్లని (వేడిని త్వరగా వదిలే) స్పార్క్ ప్లగ్గులు వేయించాలి. క్లచ్ సంగతి చూసుకోవాలి. ఇన్నీ చేశాక మీకు దక్కేది సుమారు 100 హార్స్‌పవర్, 140 న్యూటన్ మీటర్లకు దగ్గరగా టార్కు. అదే మారుతి కంపెనీ ఫ్రాంక్స్‌లో పెట్టిన లీటరు టర్బో ఇంజను 100 హార్స్‌పవర్, 147.6 న్యూటన్ మీటర్లు వారంటీతో సహా ఇస్తోంది. హ్యుందాయ్ లీటరు టర్బో, నెక్సాన్ 1.2 టర్బో 120 వరకు పోతాయి. టర్బో మోజు నాకూ తక్కువేమీ కాదు గానీ, రోజూ తెల్లవారి ఆఫీసుకు చేర్చవలసిన బండి మీద ఈ ప్రయోగం చేయించమని నేను చెప్పలేను. ఉన్న బండిని అమ్మి, కంపెనీ టర్బోతో వచ్చిన పాత బండి ఒకటి చూసుకోవడమే మీకు మేలు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ క్లెయిము తిరస్కరించే అవకాశమూ ఉంది.

ఒక్క మాట. లారీని దాటడానికి మూడో గేరుకు దిగడం మీ బండి లోపం కాదు. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజను బలమంతా 4000 పైనే ఉంటుంది, దాన్ని అక్కడికి తీసుకుపోవడానికే గేర్లున్నాయి.

ప్రశ్న: నా డిజైర్ డీజిల్ ట్యాక్సీ 75 హార్స్‌పవర్‌ది. 2000 ఆర్పీఎం లోపు అసలు లాగడం లేదు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు చాలా ఇబ్బందిగా ఉంది. ఎర్టిగాలోని 90 హార్స్‌పవర్ ఇంజను టర్బో దీనికి వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: రెండూ ఒకే 1248 సీసీ ఇంజన్లు కావడంతో ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. మీ బండిలో ఉన్నది స్థిరమైన టర్బో. 90 హార్స్‌పవర్ రకంలో ఉన్నది, లోపలి రెక్కలు తిరిగి పొగ దారిని తక్కువ ఆర్పీఎంలో ఇరుకుగా, ఎక్కువ ఆర్పీఎంలో వెడల్పుగా మార్చుకునే వీజీటీ టర్బో. అందుకే దాని 200 న్యూటన్ మీటర్ల టార్కు 1750 దగ్గరే అందుతుంది. అయితే ఆ రెక్కలను ఎప్పుడు ఎంత తిప్పాలో చెప్పే ఏర్పాటు మీ ఈసీయూలో లేదు. టర్బో ఒక్కటే మారిస్తే రెక్కలు ఒక స్థానంలో నిలిచిపోతాయి, పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

2000 లోపు కొంత మందకొడితనం ఈ ఇంజనుకు పుట్టుకతో వచ్చిందే. కానీ అసలు లాగడం లేదంటే ఎక్కడో గాలి లీకవుతూ ఉండవచ్చు. ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను, ముఖ్యంగా క్లిప్పు కిందిభాగాన్ని చేత్తో తడిమి చూడండి. వేళ్లకు నల్లని ఆయిల్ జిడ్డు అంటితే గాలి అక్కడినుంచే పోతోంది. తర్వాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు టర్బో ముందు గొట్టం తీసి, చక్రం కొనను పట్టుకుని కదిపి చూడండి. పక్కకు కొద్దిగా కదలడం సహజమే. ముందుకూ వెనక్కూ ఆడితే మాత్రం, లేదా రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనబడితే, టర్బోను మార్చవలసిందే.

ప్రశ్న: టర్బో కారుకు శబ్దం బాగుంటుందని మూత లేని కోన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించుకుందామనుకుంటున్నాను. మంచిదేనా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: చీమకుర్తిలో ఉంటూ ఆ పని చేయవద్దు. గ్రానైట్ దుమ్ము గట్టి రాతి పొడి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే కంప్రెసర్ రెక్కల అంచులను అది ఇసుకకాగితంలా అరగదీస్తుంది. పైగా మూత లేని ఫిల్టర్ బానెట్ కింది వేడి గాలినే పీల్చుకుంటుంది. కంపెనీ డబ్బాను, కాగితపు ఫిల్టర్‌నే ఉంచి, మాన్యువల్ చెప్పిన గడువుకు సగంలోనే కొత్తది వేయండి. మార్చిన ప్రతిసారీ ఫిల్టర్‌కు, టర్బోకు మధ్య ఉన్న గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు బూడిదరంగు పొడి అంటితే డబ్బా మూత సరిగా కూర్చోలేదనో, క్లిప్పు వదులైందనో అర్థం. దాన్ని సరిచేశాకే బండి తీయండి.