కయ్య, గడి, తరం

సందేహం: వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల్లో నేలను గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎంత నీరు ఇంకుతుందో, ఎంత ఇగురుతుందో లెక్క కడతారు. గడి చిన్నదయ్యేకొద్దీ నేలలోని తేడాలను ఎలా పట్టుకోవాలన్న విషయంపై 'అధిక విభేదన నమూనాలలో భూదృశ్య వైవిధ్యత' అని వ్యాసం రాస్తున్నాను. శీర్షిక సరేనా? గడి లోపలి భాగాన్ని 'టైల్' అంటారు. 'పలక' అనవచ్చా?
– పరిశోధక విద్యార్థి, కావలి

సమాధానం: ముందు ఆ 'త' తీసేయండి. వివిధం వైవిధ్యం అయినప్పుడే భావార్థం వచ్చేసింది. దాని మీద మళ్ళీ 'త' తగిలించడం వండిన అన్నాన్ని తిరిగి ఎసట్లో పోయడమే. నైపుణ్యత, సౌందర్యత అని రోజూ పత్రికల్లో చూస్తున్నాను. చదువుకున్నవాళ్ళు రాయదగ్గ మాటలు కావవి. 'దృశ్యం' కూడా కుదరదు. మీ లెక్కంతా కంటికి కనబడని మట్టితడి గురించి కదా! 'నేలతీరు' చాలు. 'అధిక విభేదన' కన్నా 'సన్నగడి' మేలు; సన్నజల్లెడ ఎరిగిన ప్రతి ఇంటికీ తెలుస్తుంది.

ఇక పలక. అదేమిటో మార్కాపురం వాళ్ళకు బాగా తెలుసు, నున్నగా కొలతకు కోసిన రాయి. నేల అలా తెగదు. దానికి మన నెల్లూరు జిల్లాలో పుట్టుమాట ఉంది: కయ్య.

మా పల్లెల్లో వరిమడిని కయ్య అంటాం. చిన్నప్పుడు తాత వెంట మడవ తిప్పడానికి వెళ్ళేవాణ్ణి. వాలు నేల కావడంతో ఒక్కో కయ్య ఒక్కో ఎత్తులో ఉండేది. గెనిమలు, అంటే గట్లు, వంకర్లు తిరిగేవి. ఎందుకు తాతా ఇన్ని వంకర్లంటే, "నీళ్ళనడుగు" అనేవాడు. ఈ మూలా ఆ మూలా పాదం ఒకే లోతున మునిగేదాకా చదును చేస్తేనే అది కయ్య. తాడు పట్టి గీసింది గడి, నీరు చెప్పినట్టు గీసింది కయ్య.

పొలాన్ని కన్నడంలో కెయ్ అంటారు, తమిళంలో చెయ్. కన్నడంలోని కకారం ఎ, ఇల ముందు మనకూ తమిళులకూ చకారమవుతుందని కివి–చెవి జంట చూస్తే తెలుస్తుంది. మన చేను ఆ కుటుంబానిదే. పాత రెవెన్యూ కాగితాల్లోని నంజ, పుంజ కూడా అంతే: నన్‌చెయ్ మంచి చేను, పున్‌చెయ్ తక్కువరకం చేను. నీరు పారేది నంజ, వానకే చూసేది పుంజ. కయ్య కూడా ఈ కుదురుదేనని నా నమ్మకం. ఎకారం అకారమైన తీరు తేలేదాకా నమ్మకమనే అంటాను, నిర్ణయమనను.

అయినా మీ టైల్‌కి కయ్య పూర్తిగా అతకదు. నూరు కిలోమీటర్ల గడి నెల్లూరు మీద పెడితే మైపాడు ఇసుక, పెన్న కింది మాగాణి, ఆత్మకూరు మెట్ట అన్నీ ఒక్క గడిలో పడతాయి. సగం నిండు కయ్యలు, సగం ఎండు బీడు అనుకోండి. సగటు తీస్తే గడి అంతా సగం తడి. అలాంటి నేల పడ్డ వానంతా తాగేస్తుందని లెక్క వస్తుంది. నిజానికి నిండు కయ్యల మీద పడ్డ వాన గట్లు దాటి కాలవలో కలుస్తుంది. ఇలాంటి సగటు తిప్పలు తప్పించేదే వాతావరణ పరిశోధకులు కోస్టర్, స్వారెజ్ 1992లో చెప్పిన మొజాయిక్ పద్ధతి: గడిలో ఒకే రకం మొక్కలున్న నేలలు ఎక్కడెక్కడ చెదిరి ఉన్నా ఒక్క భాగంగా కూర్చి, దేని లెక్క దానికి కట్టడం.

మద్రాసు కాలపు భూమిశిస్తు సెటిల్‌మెంటులో చేసిందీ ఇలాంటిదే. మట్టి రకాన్నీ సారాన్నీ బట్టి 'తరం' వేశారు. ఊరికి ఆ చివర ఉన్నా ఈ చివర ఉన్నా ఒకే తరం నేలకు ఒకే శిస్తు. (వంశంలో తరం, 'నా తరం కాదు'లో తరం ఇక్కడ అక్కర్లేదు.) కాబట్టి చెదిరిన భాగాలకు 'తరం' వాడండి.

కయ్యను వదలమనడం లేదు. నీటి పారుదలను లెక్కగట్టిన పరిశోధకులు బెవెన్, కిర్క్‌బీ 1979లో ఏ చోటికి పైనున్న ఎంత మేర నేల నుంచి నీరు దిగుతుందో, అక్కడ వాలు ఎంతో చూసి ముందు తడిసే చోట్లు గుర్తించారు. 'నీరు పల్లమెరుగు' అన్నదానికి అది లెక్క. పై భాగం నీరు కింది భాగంలోకి దిగేట్టు మీ నమూనా ఉంటే, అక్కడ కయ్య అనడమే నాకు ఇష్టం. కిలోమీటరు గడి కూడా మన తీరంలోని దొరువును పట్టలేదు. ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొరను నాలుగు బారల గుంటలో తోడుకునే చోటది. మీ వ్యాసంలో దానికీ ఒక పేరా ఇవ్వండి. శీర్షిక 'సన్నగడుల నమూనాల్లో నేలతీరు తేడాలు' అంటే సరిపోతుంది.